సర్వీసు రోడ్డు మీద కారు కొట్టిన కుక్క, లేవలేకపోతోంది. రాత్రి పది దాటింది, ఏమి చేయాలి?

కానూరు_కవిత
బందరు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో, మా వీధి మొదట్లో, ఒక ఆడకుక్కను కారు కొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. గంట అయింది. వెనక కాళ్లు రెండూ ఈడుస్తోంది, లేవబోయి పడిపోతోంది. కుడి తొడ మీద అరచేయంత చర్మం లేచిపోయింది, రక్తం మాత్రం ఆగింది. టీ కొట్టు బాబాయి, నేను కలిసి కాలువ అంచు నుంచి జరిపి కొట్టు అరుగు పక్కన పడుకోబెట్టాము. ముట్టుకోబోతే పళ్లు చూపిస్తోంది. నాలుగు చోట్లకు ఫోను చేశాను. మూడు చోట్ల పొద్దున చూద్దాం అన్నారు, ఒక చోట ఎత్తనే లేదు.
ఇంట్లో పారాసిటమాల్ ఉంది. సగం బిళ్ల పాలలో కలిపి ఇవ్వవచ్చా? పుండుకు పసుపు పెట్టమని మా అత్తగారు, కిరసనాయిలు పోయమని బాబాయి. నేను ఎప్పుడూ కుక్కను పెంచలేదు. నిజం చెప్పాలంటే నాకు కుక్కలంటే భయం కూడా.

వెటర్నరీ_తాతయ్య
పారాసిటమాల్ వద్దు. ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ అసలే వద్దు, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు పోతాయి. పసుపు వద్దు, కిరసనాయిలు వద్దు, ఫినాయిల్ వద్దు. పాలు కూడా వద్దు. లోపల ఏమి చిట్లిందో తెలియనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు. మీ అత్తగారికి, బాబాయికి నా నమస్కారాలు చెప్పండి.
ఇప్పుడు చూడవలసింది చిగుళ్ల రంగు. పెదవి ఎత్తడానికి భయమైతే అది పళ్లు చూపించినప్పుడే టార్చి వేయండి. గులాబీ రంగులో ఉంటే రాత్రి గడుస్తుందని ఆశ పెట్టుకోవచ్చు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లోపల రక్తం పోతోంది, పొద్దుటి దాకా ఆగకూడదు.

ఉప్పు_కారం
ఆవిడ పళ్లు చూపిస్తోందని భయపడుతుంటే ఆ పళ్లే చూడమంటున్నారు తాతయ్య గారు.

కానూరు_కవిత
చూశాను. గులాబీ రంగే. ఊపిరి వేగంగా తీస్తోంది. మూలుగుతోంది. బాబాయి కొట్టు కట్టకుండా పక్కనే కూర్చున్నాడు.

నిడదవోలు_జంక్షన్
వెనక కాళ్లు రెండూ పడిపోయాయంటే వెన్నెముక పోయినట్టే. ఉదయం డాక్టరుతో చెప్పి ప్రశాంతంగా పోయే ఇంజెక్షన్ చేయించడం మంచిది. రాయి గుండె అనుకోకండి, మూడు చూశాను ఇలాంటివి. మూడూ నెల రోజులు పురుగులు పట్టి పోయాయి.

వెటర్నరీ_తాతయ్య
నిడదవోలు గారూ, ఎక్స్‌రే లేకుండా తీర్పు చెప్పకండి. కారు దెబ్బకు వెన్నెముక కంటే కటి ఎముక విరగడం ఎక్కువ చూశాను నేను. రెండింటిలోనూ కుక్క ఒకేలా ఈడుస్తుంది.
కవిత గారూ, వెనక కాలి వేలును గట్టిగా నొక్కితే కాలు వెనక్కి లాక్కోవడం చాలదు, అది వెన్నుపాము తనంతట తాను చేసే పని. తల తిప్పి మీ వైపు చూసిందా, అరిచిందా, కరవబోయిందా అన్నది ముఖ్యం. నొప్పి మెదడు దాకా వెళ్తోందంటే దారి తెగలేదని అర్థం. కానీ ఈ పరీక్ష మీరు చేయకండి, డాక్టరు చేస్తారు. మీకు కాటు మిగులుతుంది.

కానూరు_కవిత
నేను చేయలేదు. ఇందాక జరిపేటప్పుడు బాబాయి పొరపాటున వెనక పాదం తొక్కాడు. తిరిగి అతని లుంగీ పట్టుకుంది.

వెటర్నరీ_తాతయ్య
శుభవార్త.

ఉప్పు_కారం
బాబాయికి కూడానా?

గోదారి_గాలి
పొద్దున ఎలా ఎత్తాలో చెబుతాను, ఎందుకంటే నేను తప్పుగా ఎత్తి ముంజేతికి నాలుగు పళ్లు దింపించుకున్నవాణ్ణి. చంటిపిల్లను ఎత్తినట్టు చంకలో చేయి వేసి ఎత్తాను. నొప్పిలో ఉన్న కుక్కకు స్నేహితుడూ శత్రువూ తెలియదు.
పాత చున్నీని బెత్తెడు వెడల్పున పొడుగ్గా చింపండి. మధ్యలో ఉచ్చు వేసి, దూరం నుంచే మూతి మీద వేసి బిగించండి. కొసలు గడ్డం కిందికి తెచ్చి ఒక ముడి, అక్కడి నుంచి చెవుల వెనక్కి తీసుకెళ్లి ఒక జారుముడి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరాడక ఎగపోస్తున్నా మాత్రం మూతి కట్టకండి. తరవాత మందపాటి దుప్పటి మీద కప్పి, పక్కన చదునైన చెక్క పెట్టి, దుప్పటితో సహా దాని మీదికి జరపండి. ఎత్తడం కాదు, జరపడం. టీ కొట్టులో బల్ల చెక్క ఉంటుంది. లేకపోతే ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను రెండు మడతలు వేయండి. నడుము వంగకూడదు, అంతే.

సత్తుపల్లి_శీను
విజయవాడ పక్కన ఉండి దిగులెందుకు? గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది కదా. దానికి ఆసుపత్రి ఉంది, ఎక్స్‌రే ఉంటుంది, విద్యార్థులు పదిమంది మీద పడి చూస్తారు. పొద్దున్నే బయలుదేరండి. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే పశువైద్య సంచార వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టినవి, వాటి కోసం ఎదురుచూడకండి.

తండ్రి_ఒకడు
ఇంతమంది ఇంత రాత్రి ఒక కుక్క కోసం మేలుకుని ఉన్నారు. మా అబ్బాయిని పోయిన ఏడాది ట్యూషన్ నుంచి వస్తుంటే పిక్క పట్టి లాగింది ఇలాంటి వీధి కుక్కే. వాడికి ఏడేళ్లు. ఆ వేళ చుట్టూ ఇరవైమంది నిలబడి చూశారు, ఒక్కడూ బండి తీయలేదు. ఎవరినీ నిందించడానికి కాదు, కడుపు మండి రాస్తున్నాను.

ఉప్పు_కారం
దీనికి నా దగ్గర జోకు లేదు. బాబు ఇప్పుడు బాగున్నాడా?

తండ్రి_ఒకడు
బాగున్నాడు. ఇప్పటికీ వీధి దాటాలంటే నా చెయ్యి వదలడు.

కానూరు_కవిత
మీ కోపం నాకు అర్థమవుతుంది. నాకూ చిన్నప్పుడు కుక్క వెంటపడింది, అందుకే భయమని రాశాను. కానీ ఇది నా కళ్ల ముందు ఎగిరిపడింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకోలేకపోయాను.

హైదరాబాద్_హేమ
తండ్రి గారి మాటలో పనికొచ్చేది ఒకటి ఉంది, దాన్ని వదలకండి. దీన్ని ముట్టుకునే ప్రతి ఒక్కరూ రేబిస్ సంగతి చూసుకోవాలి. కవిత గారూ, మీకు గానీ బాబాయికి గానీ గీత పడిందా? చొంగ గాయం మీద పడిందా?

కానూరు_కవిత
బాబాయి పిక్క మీద ఎర్రగా గీసుకుంది. రక్తం రాలేదు, పంటి గీతే. లుంగీ అడ్డం వచ్చింది.

తండ్రి_ఒకడు
అయితే వినండి, ఇది నాకు కంఠతా వచ్చు. ఇప్పుడే కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను. కారం, సున్నం, పసరు, ఏదీ పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. రేపు ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి, అక్కడ ఉచితమే. చర్మంలో వేసే పద్ధతి అయితే మొదటి రోజు, 3, 7, 28 రోజులకు. కండలో వేసేదైతే 14వ రోజున ఇంకొకటి కలిసి ఐదు. చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో మందు కూడా వేయాలి. మా వాడికి వేశారు. కుక్కను పది రోజులు చూద్దాం, బతికి ఉంటే భయం లేదు అని కొందరు చెబుతారు. చూడండి, కానీ చూస్తూ టీకా ఆపకండి.

నిద్రరాని_రాత్రి
బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు కాదా?

తండ్రి_ఒకడు
అది మా నాన్నగారి కాలం. ఇప్పుడు భుజానికే.

కానూరు_కవిత
బాబాయిని కుళాయి దగ్గర కూర్చోబెట్టాను. సబ్బు ఖర్చు ఎవరిదని అడుగుతున్నాడు.

కానూరు_కవిత
శుక్రవారం సాయంత్రం. వెళ్లి వచ్చాము. రెండు ఆటోలు కుక్క అనగానే కదిలిపోయాయి. మూడో అతను గోనెసంచులు కింద పరిస్తే సరే అన్నాడు. ఎనికేపాడు మీదుగా గన్నవరం చేరేసరికి తొమ్మిదిన్నర. చున్నీ ముడి మూడోసారికి కుదిరింది, గోదారి గారికి ధన్యవాదాలు. ఎక్స్‌రేలో వెన్నెముక బాగుంది. కటి ఎముక రెండు చోట్ల విరిగింది. మూత్రాశయం పగల్లేదు. సెలైన్ పెట్టారు, తొడ మీద వెంట్రుకలు గొరిగి పుండు కడిగారు, నొప్పికి ఇంజెక్షన్ వేశారు. రేబిస్ టీకా కాస్త కోలుకున్నాక వేద్దాం అన్నారు. శస్త్రచికిత్స అక్కరలేదట, చుట్టూ కండ మందంగా ఉండి ఎముకను అదే పట్టి ఉంచుతుందట. ఆరు వారాలు కదలకుండా ఉంచమన్నారు. ఖర్చు మేము నలుగురం హోటల్లో ఒక పూట తిన్నంత కాలేదు.
కానీ ఆరు వారాలు ఎక్కడ ఉంచను? మాది రెండు గదుల ఇల్లు, అత్తగారికి ఆస్తమా. ప్రస్తుతానికి మెట్ల కింద, మోటారు గది పక్కన పెట్టాను.

నిడదవోలు_జంక్షన్
వెన్నెముక బాగుందంటే సంతోషం. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం. ఆరు వారాలు మీరు చేయగలరా అన్నది మిగిలిన సగం.

వెటర్నరీ_తాతయ్య
అసలు పని ఇప్పుడు మొదలైంది. ఆసుపత్రికి తీసుకెళ్లడం ఒక పూట పని, అందరూ చేస్తారు. ఫోటో కూడా తీస్తారు. తరవాతి నలభై రోజులు ఎవరికీ కనపడవు.
అది తిరగగలిగినంత చోటే ఉండాలి, నడవగలిగినంత ఉండకూడదు. పాత చెక్క మంచం అడ్డం పెట్టండి, అట్టపెట్టెలైనా సరే. కింద మెత్తగా, పైన పొడిగా. నాలుగు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి మీద పడక పుండు వస్తుంది, అది విరిగిన ఎముక కంటే మొండిది. రోజూ మూత్రం పోస్తోందో లేదో చూడండి. ఒక రోజంతా పోయకపోతే ఆసుపత్రి. మలం గట్టిపడితే విరిగిన చోట దారి ఇరుకై ముక్కుతుంది, బాధపడుతుంది. అన్నంలో ఉడికించిన గుమ్మడికాయ మెదిపి పెట్టండి. పెరుగన్నం, గుడ్డు, ఎముకలు తీసిన కోడి మాంసం బాగుంటాయి. ఉల్లిపాయ వేసిన కూర వద్దు. ఉడికిన ఎముక అసలే వద్దు.

అనకాపల్లి_బెల్లం
విశాఖలో అయితే వీఎస్‌పీసీఏ, హైదరాబాద్‌లో అయితే బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థలు ఉన్నాయి. కానీ ఏ సంస్థకైనా తాహతు కొన్ని వందల కుక్కల వరకే ఉంటుంది. ఆరు వారాల విశ్రాంతి ఒక్క కుక్కే ఉన్న చోట బాగా జరుగుతుంది. పైగా అంత గుంపులో పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది. మెట్ల కిందే మేలు.

మూడో_అంతస్తు
అందరూ ఒక వైపే రాస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. అపార్ట్‌మెంటు అన్నది అందరిదీ. మా దగ్గరా ఒకావిడ ఇవాళ మెట్ల కింద కుక్కను పెట్టింది. వాసన. మూలుగు. నెలనెలా నిర్వహణ ఖర్చు కడుతున్నది ఇందుకా? ఎవరికి జాలి ఉంటే వాళ్ల పడకగదిలో పెట్టుకోవాలి.

ఉప్పు_కారం
మీది ఏ ఊరండీ?

మూడో_అంతస్తు
విజయవాడే. కానూరు.

ఉప్పు_కారం
మెట్ల కింద అంటే మోటారు గది పక్కనా?

మూడో_అంతస్తు
ఆగండి.

కానూరు_కవిత
నమస్తే అండీ. నేను ఒకటో అంతస్తు.

గోదారి_గాలి
ఈ చర్చ నేను ఇక వదలను.

మూడో_అంతస్తు
నేను రాసినదాంట్లో తప్పేమీ లేదు. కవిత గారూ, మీరు ముందు అడిగి ఉండవలసింది. రేపు సంఘం వాళ్లతో మాట్లాడతాను.

కానూరు_కవిత
అడగలేదు, అది నా తప్పే. రోజూ రెండు పూటలా అక్కడ కడుగుతాను. ఆరు వారాలు గడువు ఇవ్వండి, ఏడో వారం ఉంటే మీరే తీసేయండి.

హైదరాబాద్_హేమ
సంఘం వాళ్లు గదమాయిస్తే ఒక మాట గుర్తుంచుకోండి. జంతువును కొట్టి కుంటిదాన్ని చేయడం, విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం, ఐదేళ్ల వరకు శిక్ష. మెట్ల కింద పెట్టుకునే హక్కు మాత్రం ఏ చట్టమూ మీకు ఇవ్వలేదు. కాబట్టి మాటలతోనే నెట్టుకురండి.

సత్తుపల్లి_శీను
పేరు పెట్టారా?

కానూరు_కవిత
మా అత్తగారు పెట్టారు. సర్వీసు రోడ్డులో దొరికింది కాబట్టి సర్వీసు. ఆస్తమా ఉన్నా రెండుసార్లు దిగి చూసి వచ్చారు.

కానూరు_కవిత
బుధవారం. సాయం కావాలి, త్వరగా. తొడ మీద పుండు బాగానే ఉంది గానీ తోక కింద ఇంకో చిన్న గాయం ఉందని ఇవాళే చూశాను. బొటనవేలు పట్టేంత కన్నం, లోపల ఏదో కదులుతోంది. బియ్యపు గింజలు కదిలినట్టు. వాసన పచ్చి చేపల వాసన కాదు, ఇంకేదో. రెండుసార్లు వాంతి అయింది నాకు.

వెటర్నరీ_తాతయ్య
పురుగులు. భయపడకండి. మామిడిపళ్ల కాలం, ఈగలు ముసిరే కాలం, ఒక్క పూట మూత లేని పుండు చాలు. గుడ్డు పెట్టిన రోజులోపే పిల్ల బయటికి వస్తుంది. పైన కన్నం చిన్నగా ఉంటుంది, లోపల గది పెద్దగా ఉంటుంది.
కిరసనాయిలు పోస్తే పురుగు చస్తుంది, కండా చస్తుంది. ఫినాయిల్ పోస్తే విషం ఒంట్లోకి పోతుంది. నాఫ్తలీన్ ఉండలు పొడి చేసి పెట్టేవాళ్లను కూడా చూశాను, అదీ విషమే. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తు ఇచ్చి తీస్తే దానికి నొప్పి ఉండదు, మీకు కాటు ఉండదు. వెళ్లేలోపు చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, సెలైన్ నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పండి. ఈగ వాలకూడదు.

అనకాపల్లి_బెల్లం
మా ఊళ్లో టర్పెంటైన్ నూనెలో ముంచిన దూది పెడితే పురుగులు వాటంతటవే బయటికి వస్తాయి. ఎన్నో గేదెలకు చేశాము.

వెటర్నరీ_తాతయ్య
గేదె తోలు, కుక్క తోక కింది తోలు ఒకటి కాదు బెల్లం గారూ. నేనూ ఉద్యోగంలో ఉండగా వాడాను, కాదనను. కానీ దాన్ని నాకితే నోరు పొక్కుతుంది, లోపలికి పోతే ఇంకా చేటు. ఆసుపత్రి పక్కనే ఉన్నప్పుడు ఎందుకా తిప్పలు.

కానూరు_కవిత
రాత్రి. నలభై మూడు. మత్తు ఇచ్చి పటకారుతో ఒక్కొక్కటే తీసి స్టీలు పళ్లెంలో వేశారు, నేను లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో నాకే తెలియదు. ఒక విద్యార్థిని వేలు పెట్టి చూపించింది, రెండు కణుపుల లోతు. తోక ఎముక దాకా వెళ్లలేదు కాబట్టి మానుతుందట. పుండులో చల్లే పొడి, ఈగలు వాలకుండా చుట్టూ కొట్టే స్ప్రే ఇచ్చారు. నాకకుండా మెడకు గరాటులాంటిది కట్టమన్నారు. ఈ రాత్రి అది ఎక్కడ దొరుకుతుంది?

గోదారి_గాలి
ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉందా? గుండ్రంగా మడిచి, లోపలి అంచుకు దూది పెట్టి టేపు అంటించండి, మెడపట్టీకి మూడు చోట్ల దారంతో కుట్టండి. పది లీటర్ల పెయింటు బకెట్టు అడుగు కోసి కూడా చేస్తారు, అది బరువు.

మూడో_అంతస్తు
నా దగ్గర మా నాన్నగారి మోకాలి ఎక్స్‌రేలు ఆరు ఉన్నాయి. పెద్దవి. పైకి వచ్చి తీసుకోండి. లేదా నేనే దింపుతాను.

ఉప్పు_కారం
ఏమండోయ్.

మూడో_అంతస్తు
ఇంటి నిండా ఎక్స్‌రేలు పేరుకుపోయాయి. అంతకు మించి ఏమీ ఊహించకండి.

కానూరు_కవిత
కట్టాము. మెడ చుట్టూ వారి నాన్నగారి మోకాలి చిప్ప వెలుగుకు కనపడుతోంది. సర్వీసు గోడకు కొట్టుకుంటూ కాసేపు నన్ను తిట్టి పడుకుంది.

నిద్రరాని_రాత్రి
మాత్రలు ఎలా వేస్తున్నారు? మా వీధి కుక్క ఇడ్లీ మొత్తం తిని మాత్ర ఒక్కటీ నేల మీద పెట్టి వెళ్తుంది, ఇది మీదే అన్నట్టు.

కానూరు_కవిత
అత్తగారి కిటుకు. మూడు ముద్దలు చేయాలి. మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మాత్ర, మూడోది చేతిలో పట్టుకుని కనపడేలా ఊరించాలి. మూడోదాని ఆత్రంలో రెండోది మింగేస్తుంది. మా మామగారికి బీపీ బిళ్ల కూడా ఇలాగే వేసేదట.

సత్తుపల్లి_శీను
సందర్భం వచ్చింది కాబట్టి మా సంగతి రాస్తాను. మా బజారులో ఒక కుక్కకు మూత్రం పోసే చోట కాలీఫ్లవరులా గడ్డ వచ్చి రక్తం కారేది. ఎవరో కొట్టారని కొందరు, రోగమని కొందరు, రాళ్లతో తరిమేవాళ్లే అందరూ. డాక్టరుకు చూపిస్తే అది జత కలిసినప్పుడు కుక్క నుంచి కుక్కకు అంటుకునే కణితి అన్నారు, మనుషులకు రాదు. వారానికొకసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, ఐదు వారాలు. నరానికే వేయాలి, పక్కకు పోతే కండ కుళ్లుతుంది. మూడో వారానికి గడ్డ సగమైంది, ఐదో వారానికి ఆనవాలు లేదు. చచ్చిపోతుందని అందరూ వదిలేసిన కుక్క, ఇప్పుడు మా కిరాణా కొట్టు ముందు కాలు మీద కాలు వేసుకుని పడుకుంటుంది.

కాకినాడ_కాజా
నడుము పూర్తిగా పోయినా బతుకు పోదు నిడదవోలు గారూ. మా తమ్ముడు పీవీసీ గొట్టాలు, పాత చంటిపిల్లల బండి చక్రాలతో వెనక బండి కట్టాడు. కుక్క దాన్ని వేసుకుని లారీల కంటే వేగంగా వెళ్తుంది. కాకపోతే పూటపూటా మూత్రాశయం నొక్కి ఖాళీ చేయాలి, అది నేర్చుకోవాలి. జీవితాంతం ఒక మనిషి ఉండాలి దానికి.

నిడదవోలు_జంక్షన్
అదే కదా నేను అంటున్నది. మీ తమ్ముడు ఉన్నాడు. నేను చూసిన మూడింటికీ మొదటి వారం పదిమంది, రెండో వారం ముగ్గురు, మూడో వారం నేనొక్కణ్ణే. నాకు ఉద్యోగం. చివరి దాని దగ్గర నేను కూడా లేను. ఇంజెక్షన్ ఇప్పించి ఉంటే అంత బాధ పడేది కాదు అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వెటర్నరీ_తాతయ్య
అది కూడా నిజమే నిడదవోలు గారూ. కాదనలేను.

కానూరు_కవిత
ఇరవై మూడో రోజు. ఇవాళ లేచి నిలబడింది. అన్నం గిన్నె చప్పుడు వినపడగానే ముందు కాళ్ల మీద లేచి, వెనక కాళ్లు రెండూ వణుకుతూ ఎనిమిది లెక్కపెట్టేంత సేపు నిలబడి కూలబడింది. నేను గిన్నె పడేశాను.

గోదారి_గాలి
తరవాత?

కానూరు_కవిత
కింద పడిన అన్నం తినేసింది.

వెటర్నరీ_తాతయ్య
మురిసిపోయి నడిపించకండి. ఇంకా మూడు వారాలుంది.

కానూరు_కవిత
తొమ్మిదో వారం. రాయలేదని ఏమనుకోకండి. ఎముక అతికింది. కుడి కాలు కాస్త బయటికి వేసి నడుస్తుంది, పరుగెత్తేటప్పుడు మాత్రం తెలియదు. రేబిస్ టీకా అయింది. పోయిన వారం పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స కూడా చేయించాను. కటి ఎముక అతికాక పురిటి దారి ఇరుకవుతుందట, కడుపుతో ఉంటే తల్లీ పిల్లలూ పోతారని డాక్టరు గట్టిగా చెప్పారు. చెవి కొస కత్తిరించారు గుర్తుగా. బాబాయికి నాలుగో సూది అయిపోయి చాలా రోజులైంది.
ఇప్పుడు అసలు ప్రశ్న. ఎక్కడ వదలాలి? ఇంట్లో ఉంచలేను. టీ కొట్టు దగ్గరే పుట్టి పెరిగిందట.

తండ్రి_ఒకడు
బడులు తెరిచారు. మీ టీ కొట్టుకు బడి ఎంత దూరం? నేను మొదటి నుంచీ చదువుతున్నాను, మీరు చేసినదానికి చేతులు జోడిస్తాను. కానీ పిల్లలు నడిచే దారిలో వదలవద్దు.

హైదరాబాద్_హేమ
2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం శస్త్రచికిత్స, టీకా అయిన వీధి కుక్కను ఎక్కడిదాన్ని అక్కడే వదలాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతం కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది. అదే నెల 22న వేరే ధర్మాసనం దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటిని తిరిగి తమ చోటే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టుకున్నవాటిని మాత్రం మళ్లీ అక్కడ వదలవద్దంది. టీ కొట్టు వీటిలో లేదు. ఎక్కడో కొత్త పేటలో వదిలితే అక్కడి కుక్కలు ఒక్క రాత్రిలో చీల్చేస్తాయి, కుంటి కాలుతో పారిపోలేదు కూడా.

తండ్రి_ఒకడు
చట్టం సరే. మా వాణ్ణి కరిచిన కుక్కకు కూడా చెవి కొస కత్తిరించే ఉంది.

కానూరు_కవిత
బడి ఆ సందులో కాదు, రోడ్డుకు అవతల. అయినా మీరు అన్నందుకు ఒక పని చేశాను. తిండి పెట్టే చోటు కొట్టు ముందు నుంచి వెనక ఖాళీ స్థలానికి మార్చాము, పిల్లలు వచ్చే దారికి అది దూరం. పొద్దున బడి గంటలకు ముందే పెట్టేస్తున్నాము. ఆకలితో కుక్కలు గుమిగూడి దారిలో కొట్టుకోవడం ఈ వారంలో చూడలేదు.

తండ్రి_ఒకడు
నాకు ఇంకా ఇష్టం లేదు. కానీ అడిగినందుకు సంతోషం.

కానూరు_కవిత
ఆదివారం వదిలాను. తలుపు తీసి మెట్ల కింద నుంచి గేటు దాకా నేను ముందు నడిచాను. గేటు దాటాక నన్ను దాటి వెళ్లిపోయింది, వెనక్కి చూడలేదు. బాబాయి బల్ల కింద దూరి పడుకుంది. కాస్త చిన్నబుచ్చుకున్నాను.

మూడో_అంతస్తు
కవిత గారూ, మెట్ల కింద గోనెసంచులు ఇంకా తీయలేదు.

కానూరు_కవిత
క్షమించండి, ఈ రాత్రే తీసేస్తాను.

మూడో_అంతస్తు
తీయమని కాదు. రాత్రి పదకొండు దాటాక అది వచ్చి అక్కడే పడుకుంటోంది. వాచ్‌మన్ చీపురుతో తోలాడు నిన్న. అతనికి మీరు చెబుతారా, నేను చెప్పాలా?

కొత్తసభ్యుడు_77
ఈ చర్చ ఇప్పుడే చూశాను. మా వీధిలో ఒక కుక్కను బైకు కొట్టింది. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చా?

వెటర్నరీ_తాతయ్య
వద్దు. చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి?